అమెరికా రాజ్యాంగంలో హక్కుల పత్రం మొదట ఎందుకు లేదు?

కృష్ణాతీరం:

అందరికీ నమస్కారం. నేను డిగ్రీ కళాశాలలో రాజనీతి శాస్త్రం బోధిస్తున్నాను. అమెరికా రాజ్యాంగం పాఠానికి వచ్చేసరికి విద్యార్థులు ఏటా ఒకే చోట నన్ను నిలదీస్తున్నారు. 1776 జులై 4న ఆమోదం పొందిన స్వాతంత్ర్య ప్రకటన, మనుషులందరూ సమానులేననీ, ప్రాణం, స్వేచ్ఛ, సుఖాన్వేషణ అనే హక్కులు పుట్టుకతోనే వస్తాయనీ, వాటిని కాపాడడానికే ప్రభుత్వాలు ఏర్పడతాయనీ చాటింది కదా. మరి పదకొండేళ్ల తరువాత, 1787 సెప్టెంబరు 17న ఫిలడెల్ఫియాలో సంతకాలు చేసిన రాజ్యాంగంలో పత్రికా స్వేచ్ఛ గురించి గానీ వాక్ స్వాతంత్ర్యం గురించి గానీ ఒక్క ముక్క ఎందుకు లేదు? తరువాత చేర్చిన హక్కుల పత్రం గురించి మన పాఠ్యపుస్తకాలు, రాజ్యాంగాన్ని సమర్థించినవారూ వ్యతిరేకించినవారూ అయిన "ఇరువర్గాలు రాజీకి వచ్చి పది సవరణలు చేర్చాయి" అని ఒక్క వాక్యంతో దాటేస్తాయి. ఆ రాజీ ఎలా కుదిరిందో, అసలు వ్యక్తికి రక్షణ కల్పించినది వీటిలో ఏ పత్రమో తెలిసినవారు వివరంగా చెప్పగలరా?

పాతసంచిక:

కృష్ణాతీరం గారూ, రాజ్యాంగం రాసినవాళ్లు ఆ సంగతి మరచిపోయారని చాలామంది అనుకుంటారు. మరచిపోలేదు, ఓటు వేసి మరీ తోసిపుచ్చారు. ఫిలడెల్ఫియా సమావేశం ముగియడానికి ఐదు రోజుల ముందు, సెప్టెంబరు 12న, వర్జీనియా ప్రతినిధి జార్జ్ మేసన్ లేచి, రాజ్యాంగానికి ముందు ఒక హక్కుల పత్రం ఉంటే ప్రజలకు ధైర్యంగా ఉంటుందనీ, రాష్ట్రాల హక్కుల ప్రకటనలను ముందు పెట్టుకుంటే కొద్ది గంటల్లో దాన్ని తయారు చేయవచ్చనీ అన్నాడు. ఆ మాట అనడానికి ఆయనకంటే అర్హుడు లేడు. 1776 జూన్ 12న ఆమోదమైన వర్జీనియా హక్కుల ప్రకటన ప్రధానంగా ఆయన రాసినదే. మసాచుసెట్స్ నుంచి వచ్చిన ఎల్‌బ్రిడ్జ్ గెర్రీ దాన్ని తీర్మానంగా ప్రవేశపెట్టాడు. కనెక్టికట్ ప్రతినిధి రోజర్ షెర్మన్, రాష్ట్రాల హక్కుల ప్రకటనలను ఈ రాజ్యాంగం రద్దు చేయడం లేదు కనుక అవి చాలునన్నాడు. ఓటింగులో ఒక్క రాష్ట్రం కూడా తీర్మానాన్ని బలపరచలేదు.

దీనికి సిద్ధాంతం ఎంత కారణమో అలసట కూడా అంతే కారణమని నా అభిప్రాయం. మే 25 నుంచి తలుపులు మూసుకుని కూర్చున్నవారికి, ఇంటికి వెళ్లే వేళకు కొత్త చర్చ మొదలుపెట్టే ఓపిక ఉండదు. మేసన్ మాత్రం వెనక్కి తగ్గలేదు. ఇప్పుడున్న రూపంలో ఈ రాజ్యాంగం మీద సంతకం పెట్టడంకంటే కుడిచేయి నరుక్కుంటానని ఆగస్టు చివరలోనే అన్న మనిషి ఆయన. చివరి రోజున 39 మంది సంతకాలు చేయగా, సభలో ఉండి కూడా చేయనివారు మేసన్, గెర్రీ, ఎడ్మండ్ రాండోల్ఫ్ ముగ్గురే.

అయితే మూల రాజ్యాంగంలో హక్కులే లేవనడం కూడా సరికాదు. అక్రమ నిర్బంధం నుంచి కాపాడే హెబియస్ కార్పస్ హక్కును తిరుగుబాటు, దండయాత్ర సమయాల్లో తప్ప నిలిపివేయరాదన్న నియమం, విచారణ లేకుండా శాసనసభే ఒక మనిషిని శిక్షించే చట్టాల మీద నిషేధం, చేసిన నాటికి నేరం కాని పనిని తరువాత నేరంగా మార్చే చట్టాల మీద నిషేధం, క్రిమినల్ కేసుల్లో జ్యూరీ విచారణ, పదవులకు మతపరమైన అర్హత పెట్టకూడదన్న షరతు, ఇవన్నీ 1787 నాటి పాఠంలోనే ఉన్నాయి.

సందేహి:

మీరందరూ "వ్యక్తి" అంటున్నారు. ఎవరా వ్యక్తి? స్వాతంత్ర్య ప్రకటన రాసిన జెఫర్సన్‌కు బానిసలున్నారు, హక్కుల పత్రం కావాలన్న మేసన్‌కూ ఉన్నారు. ప్రకటన చిత్తుప్రతిలో బానిసల వ్యాపారానికి బ్రిటిష్ రాజును తప్పుపట్టిన పేరా ఒకటి ఉంటే, దక్షిణ కెరొలైనా, జార్జియాల మనసు నొప్పించకుండా ఉండేందుకు దాన్ని కొట్టేశారని జెఫర్సనే రాసుకున్నాడు. ఇక రాజ్యాంగం సంగతి చెప్పనక్కరలేదు. ప్రతినిధుల సభలో స్థానాల పంపకానికి ఐదుగురు బానిసలను ముగ్గురుగా లెక్కించమంది, 1808 వరకు బానిసల దిగుమతిని కాంగ్రెస్ నిషేధించకూడదంది, పారిపోయినవారిని యజమానికి అప్పగించి తీరాలంది. "బానిస" అన్న పదం ఎక్కడా వాడకుండా ఇదంతా రాయగలిగిన నేర్పును మెచ్చుకోవాలా? ఇటువంటి పత్రాలను హక్కుల పునాదులని విద్యార్థులకు చెప్పే ముందు కాస్త ఆలోచించండి.

పాతసంచిక:

సందేహి గారు చెప్పినవి నిజాలే, తరగతిలో తప్పకుండా చెప్పవలసినవే. కానీ ఈ వాదం ఈనాటిది కాదు. బానిసత్వాన్ని వ్యతిరేకించినవారే ఆ రోజుల్లో దీని మీద రెండుగా చీలారు. విలియం లాయిడ్ గారిసన్ 1854 జులై 4న మసాచుసెట్స్‌లోని ఫ్రేమింగ్‌హామ్‌లో జనం చూస్తుండగా రాజ్యాంగ ప్రతిని తగులబెట్టాడు. స్వయంగా బానిసత్వం నుంచి తప్పించుకుని వచ్చిన ఫ్రెడరిక్ డగ్లస్, అంతకు రెండేళ్ల ముందు రోచెస్టర్‌లో మాట్లాడుతూ, మీ జులై నాలుగు బానిసకు ఏమవుతుందని నిలదీసి, అదే ప్రసంగంలో రాజ్యాంగాన్ని మాత్రం స్వేచ్ఛాపత్రంగానే చదవాలన్నాడు. నా మొగ్గు డగ్లస్ వైపు. ఆ రాతలను రాసినవారికి వదిలేయకుండా వాళ్ల మీదకే తిప్పినవాడు ఆయన.

న్యాయవాది_గుంటూరు:

చట్టం దృష్టితో రెండు మాటలు చెబుతాను.

స్వాతంత్ర్య ప్రకటన ఎంత గొప్పదైనా దాన్ని చూపించి కోర్టులో ఉపశమనం పొందలేము. అది ఒక తిరుగుబాటుకు సంజాయిషీ. అందులో ఎక్కువ భాగం మూడవ జార్జ్ రాజు మీద ఫిర్యాదుల పట్టికే. కాబట్టి రక్షణ గురించి మాట్లాడాలంటే రాజ్యాంగమూ దాని సవరణలే మనకు ఆధారం.

రెండవది, హక్కుల పత్రం వద్దన్నవారిని స్వేచ్ఛకు శత్రువులుగా చూపించడం అన్యాయం. రాజ్యాంగాన్ని సమర్థిస్తూ వచ్చిన ఫెడరలిస్టు వ్యాసాల్లో 84వదానిలో అలెగ్జాండర్ హామిల్టన్ అడిగిన ప్రశ్నకు ఇప్పటికీ పదును తగ్గలేదు. పత్రికలను అదుపు చేసే అధికారమే కేంద్ర ప్రభుత్వానికి ఇవ్వనప్పుడు, అదుపు చేయకూడదని రాయడం దేనికి? అలా రాస్తే, రాయకపోతే ఆ అధికారం ఉండేదేమోనన్న అనుమానానికి మనమే తావిచ్చినట్లు కాదా? పైగా పది హక్కులు రాస్తే పదకొండవది లేదనే వాదన పుడుతుంది. ఆ భయానికి సమాధానంగానే, కొన్ని హక్కులను పేర్కొన్నంత మాత్రాన ప్రజలకున్న తక్కిన హక్కులను కాదన్నట్లు కాదని చెప్పే తొమ్మిదవ సవరణ వచ్చింది.

ఇక జేమ్స్ మాడిసన్. హక్కుల పత్రానికి కర్తగా మనం చెప్పుకునే ఈయన, 1788 అక్టోబరులో జెఫర్సన్‌కు రాసిన లేఖలో అటువంటి పత్రాలను చర్మపత్రపు అడ్డుగోడలన్నాడు, అంటే రాతలోనే తప్ప ఎవరినీ ఆపలేని గోడలు. ప్రతి రాష్ట్రంలోనూ బలమైన మెజారిటీలు వాటిని యథేచ్ఛగా దాటుతూనే ఉన్నాయని ఆయన ఫిర్యాదు. అప్పుడు పారిస్‌లో రాయబారిగా ఉన్న జెఫర్సన్ 1789 మార్చిలో ఇచ్చిన జవాబులో అసలు కీలకం ఉంది: హక్కుల పత్రం న్యాయస్థానాల చేతికి ఒక ఆయుధాన్ని ఇస్తుందన్న సంగతిని మీరు లెక్కలోకి తీసుకోలేదు అన్నాడు. మూడు నెలలు తిరగకుండా, జూన్ 8న, మాడిసన్ ప్రతినిధుల సభలో సవరణలను ప్రతిపాదిస్తూ, స్వతంత్ర న్యాయస్థానాలు ఈ హక్కులకు సంరక్షకులుగా నిలుస్తాయని చెప్పాడు. పారిస్ లేఖ వృథా పోలేదు.

కృష్ణాతీరం:

న్యాయవాది గారూ, ధన్యవాదాలు. కాగితపు గోడలని తీసిపారేసిన మనిషి వాటినే కట్టడానికి పూనుకోవడం ఒక్క లేఖ ప్రభావమేనా? రాజకీయమేమీ లేదా?

పాతసంచిక:

రాజకీయం లేకపోవడమేమిటి, నిండా ఉంది. రాజ్యాంగానికి రాష్ట్రాల ఆమోదం కావాలి. మసాచుసెట్స్‌లో అది 1788 ఫిబ్రవరిలో 187–168 ఓట్లతో గట్టెక్కింది, అదీ సవరణలను సిఫారసు చేస్తామన్న ఒప్పందం మీద. వర్జీనియాలో 89–79. న్యూయార్క్‌లో 30–27. ఉత్తర కెరొలైనా హక్కుల పత్రం లేనిదే ఆమోదించేది లేదని మొదటిసారి భీష్మించుకుంది. రెండవ రాజ్యాంగ సమావేశం పెట్టాలని కొందరు పట్టుబడుతున్నారు. అదే జరిగితే చేసిన పనంతా మళ్లీ మొదటికి వస్తుందని మాడిసన్ భయం.

అంతకంటే ముఖ్యం, సొంత నియోజకవర్గంలో ఆయన పరిస్థితి బాగాలేదు. ప్రతినిధుల సభకు ఆయన మీద పోటీకి దిగినది తరువాతి కాలంలో అధ్యక్షుడైన జేమ్స్ మన్రో. అక్కడ బాప్టిస్టులనే క్రైస్తవ శాఖవారి ఓట్లు కీలకం. అనుమతిపత్రం లేకుండా బోధించినందుకు, విప్లవానికి ముందు వర్జీనియాలో బాప్టిస్టు బోధకులను జైళ్లలో పెట్టారు; ఆ గాయం ఇంకా మానలేదు. మత స్వేచ్ఛకు రాతపూర్వక హామీ లేని రాజ్యాంగాన్ని సమర్థించిన మాడిసన్‌ను వాళ్లు నమ్మాలంటే ఆయన మాట ఇవ్వాలి. 1789 జనవరిలో ఒక బాప్టిస్టు బోధకునికి లేఖ రాసి, మొదటి కాంగ్రెస్‌లోనే సవరణలకు ప్రయత్నిస్తానని మాట ఇచ్చాడు. 1,308 ఓట్లకు 972 ఓట్లతో గెలిచాడు. ఓట్ల కోసం ఇచ్చిన మాటను గెలిచాక నిలబెట్టుకోవడం ఆ దేశంలోనూ అరుదే కాబట్టి, ఈ విషయంలో ఆయనకు ఇవ్వవలసిన గౌరవం ఇవ్వాలి. సభలో తోటివారు సుంకాలు, శాఖల ఏర్పాటు వంటి తొందర పనులుండగా ఇదేమిటని విసుక్కున్నారు. ప్రతినిధుల సభ 17 సవరణలను ఆమోదిస్తే సెనేట్ వాటిని కుదించింది; చివరకు సెప్టెంబరు 25న కాంగ్రెస్ ఆమోదించిన 12 సవరణలు రాష్ట్రాల ఆమోదానికి వెళ్లాయి. 1791 డిసెంబరు 15న వర్జీనియా ఆమోదంతో వాటిలో 10 అమలులోకి వచ్చాయి.

ఇందులో ఎవరూ పట్టించుకోని ఘట్టం ఒకటుంది. ఏ రాష్ట్రమూ మనస్సాక్షి స్వేచ్ఛను, పత్రికా స్వేచ్ఛను, క్రిమినల్ కేసుల్లో జ్యూరీ విచారణను ఉల్లంఘించరాదని మాడిసన్ మరొక సవరణ ప్రతిపాదించాడు. మొత్తం జాబితాలో తనకు అదే అత్యంత విలువైనదని సభలో చెప్పాడు. ప్రతినిధుల సభ ఒప్పుకుంది, సెనేట్ తీసేసింది.

డల్లాస్_తెలుగు:

అందరికీ నమస్కారం. వాషింగ్టన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్ భవనంలో ఈ మూడు పత్రాలూ ఒకే గోపురం కింద ఉంటాయి. సిరా వెలిసిపోకుండా లోపల వెలుతురు బాగా తగ్గించి ఉంచుతారు. స్వాతంత్ర్య ప్రకటన మీది అక్షరాలు దాదాపు కనిపించనంతగా మాసిపోగా, రాజ్యాంగం నాలుగు పుటలూ ఇప్పటికీ చదవడానికి వీలుగానే ఉన్నాయి. హక్కుల పత్రం దగ్గర నిలబడి చూస్తే అందులో పది కాదు, పన్నెండు అధికరణాలు కనిపిస్తాయి. మనం మొదటి సవరణ అని చెప్పుకునే వాక్ స్వాతంత్ర్యం, మత స్వేచ్ఛ అక్కడ మూడవ అధికరణంగా ఉన్నాయి. మొదటిది ప్రతినిధుల సభలో ఎంతమంది ఉండాలన్నది, అది నేటికీ ఆమోదం పొందలేదు. రెండవది కాంగ్రెస్ సభ్యుల జీతాల గురించి. ఒక విద్యార్థి మొదలుపెట్టిన ప్రచారం పుణ్యమా అని 1992లో 27వ సవరణగా రాజ్యాంగంలో చేరింది. వాక్ స్వాతంత్ర్యానికి మొదటి స్థానం ఇవ్వడం వెనుక పెద్దల మహత్తర ఆలోచన ఉందని ఇక్కడ ఉపన్యాసాల్లో చెబుతుంటారు. పైనున్న రెండూ రాలిపోవడంతో దానికి ఆ స్థానం దక్కింది, అంతే.

నా సందేహం వేరు. ఇక్కడ మన తెలుగువాళ్లలో ఎంతోమంది హెచ్1 వీసా మీదో, గ్రీన్‌కార్డు కోసం ఎదురుచూస్తూనో ఏళ్లకేళ్లు ఉంటున్నారు. పౌరసత్వ పరీక్షకు చదివే రోజు వచ్చేదాకా ఈ హక్కులు మనకు కావని చాలామంది నమ్మకం. ఇది నిజమేనా?

నిర్వాహకులు:

ఇమ్మిగ్రేషన్ మీద ప్రస్తుతం నడుస్తున్న రాజకీయ వివాదాలకు వేరే చర్చ ఉంది. ఇక్కడ రాజ్యాంగం, తీర్పుల వరకే పరిమితం కావలసిందిగా మనవి.

న్యాయవాది_గుంటూరు:

డల్లాస్ గారి ప్రశ్నకు జవాబు రావాలంటే, పాతసంచిక గారు చెప్పిన ఆ కొట్టేసిన సవరణ దగ్గర నుంచి రావాలి.

బాల్టిమోర్ రేవులో జాన్ బారన్ అనే ఆయనకు భాగస్వామ్యంలో ఒక వార్ఫ్ ఉండేది, అంటే ఓడలు వచ్చి సరుకు దించుకునే కట్ట. లోతైన నీరు ఉండడమే దాని విలువ. నగరపాలకులు వీధులు వేస్తూ వాగుల దారి మళ్లించేసరికి, వానలు పడినప్పుడల్లా ఇసుకా మట్టీ కొట్టుకొచ్చి ఆ కట్ట ముందు మేట వేశాయి. లోతు పోయింది, ఓడలు రావడం మానేశాయి. కింది కోర్టు 4,500 డాలర్ల పరిహారం ఇప్పించింది, పై కోర్టు కొట్టేసింది. ప్రజావసరం కోసం ఆస్తి తీసుకుంటే న్యాయమైన పరిహారం ఇవ్వాలని ఐదవ సవరణ చెబుతోంది కదా అని బారన్ సుప్రీం కోర్టుకు వెళ్లాడు. 1833లో ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షల్ ఏమన్నారంటే, ఈ సవరణలు కేంద్ర ప్రభుత్వాన్ని మాత్రమే కట్టడి చేస్తాయి, రాష్ట్రాలకూ నగరాలకూ వర్తించవు అన్నారు. తీర్పు ఏకగ్రీవం. సగటు మనిషికి రోజూ ఎదురయ్యే పోలీసు, కోర్టు, మునిసిపాలిటీ అన్నీ రాష్ట్రాలవే కాబట్టి, 1791 నుంచి దాదాపు శతాబ్దంన్నర పాటు హక్కుల పత్రం ఆ మనిషి గడప తొక్కలేదన్నమాట.

ఆ గోడను బద్దలుకొట్టడానికి అంతర్యుద్ధం కావలసి వచ్చింది. 1868లో ఆమోదం పొందిన 14వ సవరణ, ఏ రాష్ట్రమూ చట్టబద్ధమైన ప్రక్రియ లేకుండా ఏ వ్యక్తి ప్రాణాన్ని, స్వేచ్ఛను, ఆస్తిని హరించరాదనీ, తన పరిధిలో ఉన్న ఏ వ్యక్తికీ చట్టాల సమాన రక్షణను నిరాకరించరాదనీ చెప్పింది. అందులో మొదటి సెక్షన్ ప్రధానంగా ఒహాయో ప్రతినిధి జాన్ బింగమ్ రాసినది. హక్కుల పత్రాన్ని రాష్ట్రాలకు వర్తింపజేయడమే తన ఉద్దేశమని ఆయన సభలో చెప్పాడు కూడా. అయినా కోర్టు ఒక్కసారిగా ఒప్పుకోలేదు. 1925లో గిట్లో కేసులో వాక్, పత్రికా స్వేచ్ఛలు రాష్ట్రాలను కూడా కట్టడి చేస్తాయని అంగీకరించింది, గిట్లో మాత్రం ఓడిపోయాడు. 1963లో ఫ్లోరిడా జైలు నుంచి క్లారెన్స్ గిడియన్ పెన్సిలుతో రాసి పంపిన పిటిషన్ మీద, పేద నిందితునికి రాష్ట్రమే న్యాయవాదిని ఇవ్వాలని తీర్పు వచ్చింది. న్యాయవాది సాయంతో జరిగిన పునర్విచారణలో ఆయన నిర్దోషిగా బయటపడ్డాడు. మితిమీరిన జరిమానాల మీద ఉన్న నిషేధమైతే 2019లో గానీ రాష్ట్రాలకు వర్తించలేదు. ఇండియానాలో గరిష్ఠ జరిమానా 10,000 డాలర్లున్న నేరానికి 42,000 డాలర్ల కారును స్వాధీనం చేసుకోబోతే అప్పుడు తేలింది.

డల్లాస్ గారూ, ఇక మీ ప్రశ్న. శాన్‌ఫ్రాన్సిస్కోలో చెక్క ఇళ్లలో లాండ్రీ నడపాలంటే ప్రత్యేక అనుమతి కావాలని నగరం 1880లో నిబంధన పెట్టింది. అడిగిన చైనావాళ్లు సుమారు 200 మందికీ లేదన్నారు. చైనావాళ్లు కానివారు 80 మంది అడిగితే ఒక్కరికి తప్ప అందరికీ ఇచ్చారు. యిక్ వో అనే పేరుతో నడిచిన లాండ్రీ యజమాని అదే చోట 22 ఏళ్లుగా పని చేస్తున్నాడు. పది డాలర్ల జరిమానా కట్టనందుకు జైల్లో వేశారు. ఆయన అమెరికా పౌరుడు కాదు, ఆ రోజుల్లో చైనావారికి పౌరసత్వం పొందే వీలూ లేదు. 1886లో సుప్రీం కోర్టు, 14వ సవరణ రక్షణ పౌరులకే పరిమితం కాదనీ, రాత పైకి నిష్పాక్షికంగా ఉన్నా అమలులో పక్షపాతం ఉంటే అది చెల్లదనీ చెప్పి ఆయనను విడిపించింది. కాబట్టి మాట్లాడే స్వేచ్ఛ, అక్రమ సోదాల నుంచి రక్షణ, న్యాయమైన విచారణ వీసా మీద ఉన్నవారికీ వర్తిస్తాయి. ఓటు హక్కు వేరు. దేశంలోకి రానివ్వడం, ఉండనివ్వడం అన్న విషయంలో కాంగ్రెస్‌కు కోర్టులు చాలా విస్తృతమైన అధికారం ఒప్పుకున్నాయి. మన పిల్లలకు వర్తించే మాట మరొకటి: అక్కడ స్థిరనివాసం ఉన్న విదేశీయులకు అక్కడే పుట్టిన బిడ్డ పుట్టుకతోనే పౌరుడని 1898లో వాంగ్ కిమ్ ఆర్క్ కేసులో అదే సవరణ ఆధారంగా తీర్పు వచ్చింది.

సందేహి:

యిక్ వో బాగానే ఉంది. మరి భగత్ సింగ్ థిండ్ సంగతో? మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన మనిషి. భారతీయుడు "తెల్లవాడు" కాడు కనుక పౌరసత్వానికి అనర్హుడని 1923లో అదే సుప్రీం కోర్టు చెప్పింది. 1946లో చట్టం మారేదాకా మనవాళ్లకు ఆ తలుపు మూసే ఉంది. 1942 తరువాత పశ్చిమ తీరం నుంచి సుమారు 1,20,000 మంది జపాను సంతతివారిని శిబిరాలకు తరలించారు, వారిలో ఎక్కువమంది పౌరులే. కొరెమాట్సు కేసులో 1944లో కోర్టు దాన్ని సమర్థించింది. అప్పటికి 14వ సవరణకు 76 ఏళ్లు, ఐదవ సవరణకు 153 ఏళ్లు.

న్యాయవాది_గుంటూరు:

ఈ రెండింటినీ ఒకే గాట కట్టకూడదని నా మనవి. థిండ్ ఓడినది హక్కుల పత్రం కింద కాదు, పౌరసత్వాన్ని తెల్లవారికి, ఆఫ్రికా సంతతివారికి పరిమితం చేసిన కాంగ్రెస్ చట్టం కింద; కాబట్టి దాన్ని సరిదిద్దినదీ కాంగ్రెస్సే. కొరెమాట్సు మీరు చెప్పినట్లు నిజమైన వైఫల్యం. యుద్ధమనగానే కోర్టు సైన్యం మాటకు తలవంచింది, ముగ్గురు న్యాయమూర్తులు మాత్రం విభేదించారు. ఆ తీర్పు ఇచ్చిన రోజే తప్పని 2018లో సుప్రీం కోర్టు అంగీకరించింది గానీ, శిబిరాల్లో గడిచిన కాలం ఎవరికీ తిరిగి రాదు. మాడిసన్ చెప్పిన చర్మపత్రపు అడ్డుగోడలకు ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ నాకు తట్టడం లేదు.

గోదావరి_గట్టు:

ఈ చర్చలో మన రాజ్యాంగం ప్రస్తావన రావలసిన చోటు ఒకటుంది. రాజ్యాంగ సలహాదారు బి.ఎన్. రావు 1947లో అమెరికా వెళ్లినప్పుడు సుప్రీం కోర్టు న్యాయమూర్తి ఫెలిక్స్ ఫ్రాంక్‌ఫర్టర్‌ను కలిశారు. 14వ సవరణలోని "చట్టబద్ధమైన ప్రక్రియ" వంటి నిబంధన కొద్దిమంది న్యాయమూర్తులకు ప్రజాప్రతినిధుల చట్టాలను కొట్టేసే అధికారమిస్తుందని ఫ్రాంక్‌ఫర్టర్ హెచ్చరించారు. కార్మికుల పని గంటలను పరిమితం చేసిన న్యూయార్క్ చట్టాన్ని అదే నిబంధన పేరుతో 1905లో కొట్టేసిన చరిత్ర ఉండనే ఉంది. ప్రాణానికీ వ్యక్తిగత స్వేచ్ఛకూ రక్షణనిచ్చే మన 21వ అధికరణంలో చివరకు దాని బదులు "చట్టం నిర్దేశించిన పద్ధతి" మిగిలింది. ముసాయిదా కమిటీలో ఉన్న, నెల్లూరు జిల్లాలో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ ఈ మార్పును రాజ్యాంగ సభలో సమర్థించారు. దాని ఫలితం 1950లో గోపాలన్ కేసులో తెలిసింది: చట్టమంటూ ఉంటే చాలు, అది న్యాయమైనదా కాదా అని కోర్టు చూడదు. 1978లో మేనకా గాంధీ కేసుతో ఆ పద్ధతి న్యాయంగా, సహేతుకంగా ఉండాలని మన కోర్టు చెప్పింది. వద్దనుకున్నది ముప్పై ఏళ్లకు తీర్పు రూపంలో వచ్చింది.

కృష్ణాతీరం:

అందరికీ కృతజ్ఞతలు. ఈసారి పాఠాన్ని పది సవరణలతో ముగించకుండా, సెనేట్ తీసేసిన మాడిసన్ ప్రతిపాదనను, బారన్ కట్టను, 14వ సవరణను ఒకే తరగతిలో చెప్పాలనుకుంటున్నాను. చివరిగా ఒక్క సందేహం. ఫిలడెల్ఫియా సమావేశం రహస్యంగా జరిగింది కదా. సెప్టెంబరు 12న హక్కుల పత్రాన్ని తోసిపుచ్చిన సంగతి బయటివారికి ఎలా తెలిసింది?

పాతసంచిక:

ఎవరేమన్నారో వివరంగా తెలిసింది 1840లో. మాడిసన్ తన టిప్పణాలను బతికున్నంత కాలం ప్రచురించలేదు. సమావేశంలో పాల్గొన్నవారిలో చివరిగా, 1836లో, ఆయన కన్నుమూశాక నాలుగేళ్లకు అచ్చయ్యాయి. కానీ హక్కుల పత్రం లేదన్న గొడవకు ఆ టిప్పణాలు అక్కరలేకపోయాయి. సమావేశం చివరి రోజుల్లో సభ్యులకు పంచిన ముసాయిదా ప్రతి వెనుక ఖాళీగా ఉన్న వైపు మేసన్ తన అభ్యంతరాలను రాసుకున్నాడు. అవి చేతులు మారి 1787 నవంబరులో పత్రికలకెక్కాయి. మొదటి వాక్యమే, ఇందులో హక్కుల ప్రకటన లేదు అని.